ద్వాలి యాడి కన్ను

ఫిబ్రవరి 2, ఆదివారం

బస్సు యూనియన్ వాళ్లు ఇచ్చిన డైరీ నెల రోజులుగా బీరువా మీద పడి ఉంది. డ్రైవర్లకు డైరీ ఎందుకో అని నవ్వి మా ఆయన అక్కడ పెట్టారు. ఈ రోజు దుమ్ము దులిపి తెరిచాను. ఎవరూ చూడరు కాబట్టి రాసుకోవచ్చు.

ఏన్కూరు బడిలో కళ్ల క్యాంపు జరిగింది. ఇంట్లో దీపం పెట్టుకొని ఏడింటికల్లా వెళ్లాను. అప్పటికే షాకేరా బల్ల ఎక్కి అక్షరాల బోర్డు గోడకు కడుతోంది. కల్లూరులో వాళ్ల కళ్లద్దాల దుకాణాన్ని ఆదివారం పూట భర్త ఖయ్యూంకి వదిలేసి వస్తుంది. నేను కుట్టుమిషను మీది జాకెట్లు వదిలేసి వెళ్తాను. మూడేళ్లుగా మా ఆదివారాలు ఇంతే. చూపు పరీక్ష ఆమె పని. ముసలివాళ్లకు నచ్చజెప్పడం, ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లడం, ఆపరేషన్ తర్వాత జాగ్రత్తలు చెప్పడం నా పని. నా గొంతు మెత్తన కాబట్టి నాకు ఇచ్చారు.

దేవ్లా తండా నుంచి పన్నెండు మంది వచ్చారు. నేను పుట్టిన తండా. పన్నెండు మందికీ శుక్లాలే, పన్నెండు మందికీ భయమే. ఖమ్మం పేరెత్తగానే ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. అప్పుడు ద్వాలి యాడి ముందుకొచ్చింది. మా అమ్మ ఈడుది, అమ్మతో కలిసి కూలికి పోయినామె. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి యాడీ అనే పిలుస్తాను, మా లంబాడీలో అమ్మా అని. అమ్మ పోయాక ఆ పిలుపుకు పలికేది ఆమె ఒక్కతే.

"మేస్త్రి నన్ను పనికి రావద్దన్నడు. మిరప కల్లంల ఎర్రకాయ ఏదో, తెల్లబడ్డ తాలుకాయ ఏదో నాకు తెలుస్తలేదంట. నేను తాలు ఏరవట్టినప్పుడు వాడు ఇంకా పుట్టలే!"

మా భాషలో ఆమె అన్నది తెలుగులో రాస్తే సగం ఘాటు పోయింది.

"అయితే ఆపరేషన్‌కు పోదామా యాడీ?"

"ఉన్నది ఒక్క కన్ను, బిడ్డా. ఎడమది చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. ఇది గూడ పోతే?"

"పోదు. నాది పూచీ."

ఆ మాట ఎట్లా వచ్చిందో వచ్చింది. పూచీ అనగానే ఆమె వేలిముద్ర వేసింది. మిగతా పదకొండు మంది తరఫున లాలు మామ అన్నాడు, "ముందు ద్వాలి కన్ను చూస్తం. మంచిగైతే మేమూ వస్తం."


ఫిబ్రవరి 5, బుధవారం

ఆపరేషన్ అయింది. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. బయట బెంచీ మీద కూర్చొని నూట ఎనిమిది సార్లు రామనామం అనుకున్నాను. లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి అనుకున్నాను.


ఫిబ్రవరి 6, గురువారం

పొద్దున కట్టు విప్పారు. యాడి ముందు గోడను చూసింది. తర్వాత కిటికీని. తర్వాత నన్ను చాలాసేపు చూసింది.

"ఓ సరళా, నువ్ గింత ముసల్దానివి ఎప్పుడైనవ్?"

వార్డు వార్డంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. మంచి ఏడుపు.


ఫిబ్రవరి 7, శుక్రవారం

యాడిని తండాలో దింపి వచ్చాను. కోడలు లాలిని పక్కన కూర్చోబెట్టుకొని జాగ్రత్తలన్నీ చెప్పాను. పది రోజులు తలస్నానం వద్దు. కంట్లో నీటి చుక్క పడకూడదు. పొయ్యి దగ్గర కూర్చోకూడదు. మిరపకాయ ముట్టకూడదు. కన్ను నలపకూడదు. చుక్కల మందు ఆరు పూటలు. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించాను. లాలి చదువుకున్న పిల్ల, చూసుకుంటుంది.

ముక్కోటినాడు భద్రాచలం నుంచి తెచ్చిన తీర్థం సీసా వెంట తీసుకెళ్లాను. ఉత్తర ద్వారం దగ్గర ఆ చలిలో నాలుగు గంటలు నిలబడి తెచ్చుకున్నది, అన్నిటికీ తీయను. యాడి రెండు చేతులూ పట్టింది. పోశాను. తాగి, మిగిలిన తడిని కళ్లకద్దుకొని తల మీద రాసుకుంది. లాలి కూడా అంతే, నేను కూడా అంతే. ఇల్లంతా తులసి వాసన వచ్చింది.

ఈ రోజు మనసు నిండుగా ఉంది.


ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ వారం క్యాంపు లేదు. పెళ్లివాళ్ల జాకెట్లు. పద్నాలుగు. నడుము నొప్పి.


ఫిబ్రవరి 11, మంగళవారం

మధ్యాహ్నం లాలి ఫోన్ చేసింది. "సరళక్కా, అత్త కన్ను ఎర్రగైంది. నొప్పి అంటున్నది. నిన్నటి నుంచి ఉన్నదంట, ఇప్పుడు చెప్తున్నది."

ఆటో మాట్లాడుకొని వెళ్లాను. కన్ను మోదుగుపువ్వులా ఉంది. రెప్ప ఉబ్బింది. వెలుగు చూడలేకపోతోంది.

"ఏం చేసినవ్ యాడీ?"

"ఏం చెయ్యలే."

లాలి వెనక నుంచి అంది, "మొన్న కల్లం కాడికి పోయింది. మిరపకాయలు ఆరబోసిన కాడికి. నేను నీళ్లకు పోయి వచ్చేసరికి అక్కడ కూర్చున్నది."

"ఊకె చూసొద్దామని పోయిన," అంది యాడి. "అయినా ముట్టలే. రెండే రెండు తాలుకాయలు తీసి ఆ మేస్త్రి మొఖం మీద పెట్టిన. తెలుస్తున్నదా తెలుస్తలేదా చూడు అన్న."

నేను అరిచాను. ఎప్పుడూ అరవను. బయట మేకలు కట్టేస్తున్న వాళ్లు కూడా ఆగి చూశారు. గోడ మీద కాగితం చూపించాను. నాలుగో వరుస, మిరపకాయ ముట్టకూడదు. ఇంత పెద్ద అక్షరాలు. యాడి తల దించుకుంది. ఆమె తల దించుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

షాకేరాకు ఫోన్ చేశాను. ఆమె దవాఖానాకు చేసి మళ్లీ నాకు చేసింది. "పొద్దున ఫస్ట్ బస్సుకే తీసుకురమ్మన్నరు. కంటి మీద చెయ్యి పెట్టనియ్యకు. మిరపకాయనేనా అక్కా? ఇంకేం కాలే కదా?"

"మిరపకాయనే," అన్నాను.

చెప్పాల్సినవన్నీ చెప్పాను. గోడ మీద కాగితం కూడా ఉంది. ఎవరేం చేయగలరు?


ఫిబ్రవరి 12, బుధవారం

ఖమ్మం దవాఖానా వరండాలో కూర్చొని రాస్తున్నాను. రాత్రికి ఉండాల్సి వస్తుందేమోనని సంచిలో బట్టలతో పాటు డైరీ కూడా పెట్టుకున్నాను.

డాక్టరమ్మ చూసింది. చిన్నపిల్ల, మా అమ్మాయి కళ్యాణి వయసు ఉంటుంది. ఏమైందని అడగ్గానే మిరప కల్లానికి వెళ్లిందని నేనే ముందు చెప్పాను. ఆమె రాసుకుంది. ఇంకా ఏవేవో అడిగింది. మిరప ఘాటుకైతే మందు వేస్తే రేపు పొద్దుటికి తగ్గాలి, తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం, ఇక్కడే ఉంచండి అంది.

లాలి ఉంటుంది. నేను నాలుగింటి బండికి వెళ్తాను. పెళ్లివాళ్లు సాయంత్రం జాకెట్ల కోసం వస్తారు.

చెప్పాల్సినవన్నీ చెప్పాను.


ఫిబ్రవరి 13, గురువారం

నిన్న వరండాలో రాసింది నిజం కాదు. అందులో అబద్ధం లేదు కానీ నిజం కూడా లేదు. ఇప్పుడు అంతా రాస్తాను.

డాక్టరమ్మ ఇంకా ఏవేవో అడిగింది అని రాశాను. ఆమె అడిగింది ఒకే ఒక్క మాట.

"కంట్లో నీళ్లేమైనా పడ్డాయా అమ్మా?"

యాడి ఆ ఎర్రటి కన్ను సగం తెరిచి నా వైపు తిప్పింది. నేను సంచి సర్దుకుంటున్నాను. సంచిలో సర్దడానికి ఏమీ లేదు.

"లే," అంది యాడి.

నాలుగింటి బండి ఎక్కాను. ఏన్కూరు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్లే బండి. తోలేది ఆయనే. డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాను. కండక్టరు జీరో టికెట్ ఇస్తూ, "కన్ను ఎట్లున్నదమ్మా?" అని అడిగాడు. బాగవుతుంది అన్నాను. ఇంకా ఏదో రాయాలనిపించి డైరీ తీశాను. బస్సు కుదుపుకు పేజీలు వెనక్కి పడ్డాయి. ఏడో తారీఖు. నా చేతి రాతే.

ఒకే పేజీలో పైన ఉంది, కంట్లో నీటి చుక్క పడకూడదు. కింద ఉంది, తడిని కళ్లకద్దుకొని.

పోసింది నేను. చూసి మురిసింది నేను. ఆ రోజు సాయంత్రమే ఇంటికొచ్చి రాసుకున్నది కూడా నేనే. మూడేళ్లలో ఎంతమందికి చెప్పి ఉంటానో నీళ్లు తగలనివ్వకండి అని. తీర్థం నీళ్లని నాకు తోచనే లేదు. మంగళవారం ఆ కన్ను చూసినప్పుడు మాత్రం తోచింది. లాలి కల్లం మాట ఎత్తగానే దాన్ని గట్టిగా పట్టుకున్నాను. అందుకే అంత అరిచాను.

వైరా దాటుతుండగా లేచి ఆయన సీటు వెనక కమ్మీ పట్టుకొని నిలబడ్డాను.

"ఒక మాట చెప్పాలె."

"బండి నడిపేటప్పుడు చెప్పే మాటనేనా?"

"అవ్."

చెప్పాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. నేను ముగించాక గేరు మార్చి అడిగారు.

"నీళ్లు పడ్డయా అని డాక్టరమ్మ అడిగిందా?"

"అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే."

ఎదురుగా ఖమ్మం వైపు వెళ్లే బండి ఒకటి వస్తోంది. ఆయన లైట్లు కొట్టి, మూడు సార్లు హారన్ మోగించి, మా బండిని పక్కకు తీసి ఆపారు. అది కూడా ఆగింది. రెండు కిటికీలు ఎదురెదురుగా వచ్చాయి.

"సంతోష్, మా ఇంటామెను కళ్ల దవాఖానా ముంగట దింపు. స్టాప్ లేకున్నా దింపు."

"ఏమైంది కోటేషన్నా?"

"కన్ను కేసు. జల్దీ పో."

వెనక సీటులోంచి ఒక పెద్దాయన కేకేశాడు. "ఏంది డ్రైవరూ, బండి ఆపి కాపురం ముచ్చట్లా?"

"అవ్ తాతా. ముప్పై ఏండ్ల నుంచి మా కాపురం గీ రూట్లనే నడుస్తున్నది. రెండు నిమిషాలు ఓర్సుకో."

బండంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. దిగుతుంటే మెల్లగా అన్నారు, "ఆ సీసా ఇంట్లనే ఉన్నది గద. అడుగుతరేమో. పొద్దటి ట్రిప్పుల నేను తెస్త."

నేను చేరేసరికి డాక్టరమ్మ కోటు విప్పి సంచి భుజానికి వేసుకొని మెట్లు దిగుతోంది. మెట్ల మీదే ఆపాను. ఆయాసపడుతూనే చెప్పేశాను. వచ్చిన మాట నా గొంతులా లేదు.

"నీళ్లు పడ్డయి డాక్టరమ్మా. నేనే పోసిన."

"ఏం నీళ్లు?"

"తీర్థం. కళ్లకద్దుకున్నది."

"ఎన్నాళ్ల నాటిది?"

"ముక్కోటి నాటిది. ఇంట్ల సీసాల పెట్టిన."

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె సంచి నా చేతికే ఇచ్చి, వెనక్కి తిరిగి రెండు మెట్లు ఒకేసారి ఎక్కుతూ పైకి కేకేసింది, "సిస్టర్, థియేటర్ తెరవండి!"

యాడిని లోపలికి తీసుకెళ్లే ముందు నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పినవా?"

"చెప్పిన యాడీ. నువ్ ఎందుకు చెప్పలే? అడిగితే లే అన్నవ్."

"నేను చెప్తే నీ మీద చాడీ అయితది. నువ్ చెప్తవేమోనని చూసిన." నా చెయ్యి వదలకుండానే అంది, "నువ్ బస్సెక్కినవని లాలి చెప్పింది. అప్పుడు కొంచెం భయమైంది."

కంట్లోకే ఇంజెక్షన్ ఇచ్చారు. బయటికొచ్చాక డాక్టరమ్మ నా పక్కన బెంచీ మీద కూర్చొని చెప్పింది. మిరప ఘాటుకు కన్ను మండి ఉండొచ్చు, కానీ లోపల చీము పడుతోంది, అది నీళ్ల నుంచి వచ్చేది, దానికి మందు వేరు. "రేపటిదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేనమ్మా. ఇప్పుడు కూడా మాట ఇవ్వలేను."

ఈ రోజు పొద్దున ఆయన సీసా తెచ్చారు. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుగుకు పట్టి నాకు చూపించింది. తులసి ఆకులు నల్లబడి అడుగుకు చేరాయి. వాటి చుట్టూ తెల్లగా జిగట. పూజగదిలో, దీపం వెలుగులో, అది నాకు ఎప్పుడూ కనపడలేదు.


ఫిబ్రవరి 14, శుక్రవారం

రెండో ఇంజెక్షన్. కట్టు విప్పలేదు.


ఫిబ్రవరి 15, శనివారం

మా లంబాడీల గురువు సేవాలాల్ మహరాజ్ జయంతి. తండాలో భోగ్ చేస్తూ ఉంటారు. నెయ్యి, బెల్లం పాయసం నిప్పుల మీద వేస్తుంటే ఆ పొగ వాసన కోసం చిన్నప్పుడు నేను ముందు వరుసలో కూర్చునేదాన్ని. యాడి ప్రతి ఏడూ పాట ఎత్తుకునేది. ఈ ఏడు మంచం మీద కట్టుతో పడుకొని గొంతులోనే పాడుకుంటోంది. పక్క మంచం ఆమె కొంచెం గట్టిగా పాడమని అడిగింది. కన్ను కదులుతదంట, వద్దన్నరు అంది యాడి.

నేను దేవుణ్ణి కన్ను ఇవ్వమని అడగలేకపోతున్నాను. రామా అంటున్నాను. ఆ తర్వాతి మాట రావడం లేదు. ఏ మొహంతో అడగను?


ఫిబ్రవరి 16, ఆదివారం

షాకేరా వచ్చింది. క్యాంపు మానేసి మరీ వచ్చింది. డబ్బా నిండా ఖుబానీ కా మీఠా తెచ్చింది. వాలంటీరు బ్యాడ్జి తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆదివారాలకు ఇక రానన్నాను.

"ఇస్తే ఇయ్యి. వచ్చే ఆదివారం ముసలోళ్లకు ఎవరు నచ్చజెప్తరు? ఖయ్యూమా? ఆయనకు ఆయన కళ్లద్దాలే దొరకయి."

"నవ్వించకు షాకేరా. నేను చేసింది చిన్న తప్పు కాదు."

"చిన్నదని నేనన్ననా? పెద్దదే." డబ్బా మూత తీసి చెంచా నా చేతిలో పెట్టింది. "మా అత్తమ్మకు ఆపరేషన్ అయిన నాడు, హజ్ నుంచి వచ్చిన జంజం నీళ్ల డబ్బా నేను బియ్యం డ్రమ్ముల దాచిపెట్టిన. కళ్లకు రాసుకుంటదని నాకు తెలుసు. మూడు దినాలు నాతోని మాట్లాడలే. నా కోడలు షైతాన్ అని గల్లీ గల్లీ చెప్పింది."

"నాకు ఎప్పుడూ చెప్పలేదే!"

"నీకు తెలుసనుకున్న అక్కా. అందరికీ రూల్స్ చెప్పేదే నువ్వాయె."

నేను ఒక చెంచా తిన్నాను. తర్వాత ఆమె బ్యాడ్జి పిన్నీసు విప్పి నా కొంగుకు గుచ్చింది. వంకరగా గుచ్చింది. తీయలేదు.


ఫిబ్రవరి 17, సోమవారం

కట్టు విప్పారు.

లాలి తలుపు దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రానంది. నేను మంచం కోడు పట్టుకున్నాను. డాక్టరమ్మ చెయ్యి ఎత్తింది.

"ఎన్ని వేళ్లు, అవ్వా?"

యాడి కన్ను చికిలించింది. ఎంతసేపు చికిలించిందో. ఇంజెక్షన్ బల్ల మీద ఏదో గిన్నె కదిలిన చప్పుడు వినపడింది.

"మూడు," అంది.

డాక్టరమ్మ చెయ్యి దించలేదు. యాడి ఇంకా చూస్తోంది.

"వేలికి ఉంగరం లే. పెండ్లి కాలేదా బిడ్డా నీకు?"

డాక్టరమ్మ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. లాలి తలుపు దగ్గర కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను వరండాలోకి వచ్చాను. రామా అన్నాను. ఈసారి తర్వాతి మాట కూడా వచ్చింది. అది అడగడం కాదు.


ఫిబ్రవరి 18, మంగళవారం

నిద్రపోయాను. పొద్దు ఎక్కేదాకా. దీపం కూడా ఆలస్యంగా పెట్టాను.


ఫిబ్రవరి 21, శుక్రవారం

యాడిని ఇంటికి పంపారు. చూపు పూర్తిగా రావడానికి ఇంకో నెల పడుతుందట. వస్తుందట. డాక్టరమ్మ ఈసారి మాట ఇచ్చింది.

ఇంటికొచ్చి సీసాలో మిగిలిన తీర్థాన్ని తులసికోటలో పోశాను. సీసా కడిగి ఎండబెట్టాను. దాన్ని ఏం చేయాలో తెలియలేదు. ఆయన తీసుకెళ్లి బస్సులో డీజిల్ మరకలు తుడిచే సబ్బునీళ్లు పోసుకున్నారు. చూసి ఊరుకున్నాను.


ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. ఉపవాసం. గుడిలో తీర్థం పుచ్చుకున్నాను. చెయ్యి అలవాటు ప్రకారం కళ్ల దాకా వెళ్లి ఆగింది. తల మీద రాసుకున్నాను. తీర్థం రుచి ఎప్పటిలాగే ఉంది. అది కూడా పోతుందేమోనని లోపల ఎక్కడో భయపడ్డాను. పోలేదు.


మార్చి 2, ఆదివారం

దేవ్లా తండాకు వెళ్లాను. వెళ్లాలని పది రోజుల నుంచి అనుకుంటూ, రోజూ ఏదో ఒక జాకెట్ అడ్డం పెట్టుకున్నాను.

పదకొండు మందీ లాలు మామ ఇంటి ముందు కూర్చున్నారు. యాడి కన్ను ఎర్రబడిందని, మళ్లీ దవాఖానాలో పడుకుందని అందరికీ తెలుసు. ఎందుకో తెలియదు. మిరపకాయ వల్ల అని కొందరు, డాక్టర్ల వల్ల అని కొందరు అనుకుంటున్నారు. ఖమ్మం పోతే కన్ను పీకేస్తారని ఒకామె పిల్లలను బెదిరిస్తోందట. యాడి ఎవరికీ ఏమీ చెప్పలేదు. నల్లద్దాలు పెట్టుకొని గోడకు ఆనుకొని కూర్చుంది.

నిలబడి మొదలుపెట్టాను. గొంతు లేవలేదు.

"గట్టిగ చెప్పు బిడ్డా," అన్నాడు లాలు మామ. "కండ్లే కాదు, చెవులు గూడ పోయినయి మాకు."

గట్టిగా చెప్పాను. దవాఖానా వాళ్ల తప్పు లేదని చెప్పాను. తీర్థం సంగతి చెప్పాను. దవాఖానాలో అడిగినప్పుడు నోరు మూసుకున్న సంగతి చెప్పాను. బస్సెక్కి వెళ్లిపోబోయిన సంగతి కూడా చెప్పాను. అది ఎవరూ అడగలేదు. మా అమ్మ తిరిగిన వాకిట్లో నిలబడి చెప్పడం కష్టమైంది. ఒక కోడి మా మధ్య నుంచి నడిచి వెళ్లింది.

ఆ పదకొండు మందిలో ఒకతె, మంగ్లి అక్క అడిగింది, "నాది పూచీ అన్నవ్ కదనే ఆ రోజు?"

"అన్న."

"మల్ల ఇప్పుడు?"

"ఇప్పుడు అనను అక్కా. చుక్కల మందు ఏసెటందుకు పది రోజులు పొద్దుమాపు వస్త. గంతే చెప్పగలుగుత."

లాలు మామ గడ్డం గోక్కున్నాడు. "పూచీ అన్ననాడు నాకు అనుమానమే అయింది. గీ మాట బాగున్నది. నా పేరు రాసుకో."

పదకొండులో తొమ్మిది మంది పేర్లిచ్చారు. మిగతా ఇద్దరు మిరప పనులయ్యాక వస్తామన్నారు. బయల్దేరుతుంటే మంగ్లి అక్క లోపలికి పోయి చిన్న ఇత్తడి చెంబు తెచ్చింది. "ఇది ఆపరేషన్ ముందు తాగొచ్చా?" అని అడిగింది. చెంబులో ఉన్నది మజ్జిగ. ఎండన పడి వచ్చావు తాగు అని నాకే ఇచ్చింది. అందరూ నా మొహం చూసి నవ్వారు.

చెప్పాల్సినవన్నీ చెప్పాను.


మార్చి 16, ఆదివారం

తొమ్మిది మందికీ ఆపరేషన్లు అయ్యాయి. తొమ్మిది మందీ వెళ్లిన బస్సులోనే తిరిగొచ్చారు, తొమ్మిది నల్లద్దాలతో. కండక్టరు సినిమా షూటింగా అని అడిగాడట.

షాకేరా రంజాన్ రోజా ఉంది. మంచినీళ్లు కూడా లేకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాకంటే గట్టిగా అరుస్తూ తిరిగింది. తండాలో అందరినీ కూర్చోబెట్టి నేను జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాను. తలస్నానం వద్దు. కంట్లో నీటి చుక్క పడకూడదు. అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

నా వెనక నుంచి యాడి అందుకుంది. "నీళ్లంటే బోరు నీళ్లొక్కటే కాదు. తీర్థం నీళ్లే. గంగ నీళ్లే. సాయబుల దర్గా నీళ్లు గూడ నీళ్లే. దేవుడికి దండం పెట్టుకోండ్రి, కంట్ల పోసుకోకుండ్రి."

"నీళ్లు సరే ద్వాలీ, మిరప కల్లం సంగతేంది?" అన్నాడు లాలు మామ నల్లద్దాల వెనక నుంచి.

"అది సరళ చెప్తది," అంది యాడి.


మార్చి 23, ఆదివారం

యాడి పనిలోకి పోయి వారం అయింది. డాక్టరమ్మ ఒప్పుకున్నాకే పోయింది. మేస్త్రి తనే ఇంటికొచ్చి పిలిచాడట. వాణ్ణి ఇంకో రెండు రోజులు వచ్చి పిలవనీ అని కూర్చుందట. లాలి చెప్పింది.

సాయంత్రం ఆయన బండిలో ఒక సంచి పంపింది. మిరపకాయలు, రెండు కిలోలుంటాయి. ఆయన దాన్ని గుమ్మంలో దించి అన్నారు, "మీ యాడి ఒక మాట చెప్పమన్నది. ఇందుల ఒక్క తాలుకాయ దొరికినా ఫోన్ చెయ్యమన్నది. మల్ల దవాఖానాకు పోతదంట."

అరుగు మీద పాత పేపర్లు పరిచి సంచి మొత్తం పోశాను. ఇంకా వెలుతురు ఉంది. ఘాటుకు తుమ్ములొచ్చాయి. ఆయన కూడా చొక్కా మార్చుకోకుండానే వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఒక్కొక్క కాయా తిప్పి చూశాం. తొడిమ దగ్గర చూశాం, కొస దగ్గర చూశాం. నాకైతే కళ్లజోడు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆయన ఒకటి పైకెత్తారు. "ఇదేంది? కొంచెం తెల్లగున్నట్టు లేదూ?"

తీసుకొని వెలుగుకు పట్టి చూశాను. అంటుకున్న దుమ్ము. ఊదితే పోయింది.

ఒక్కటి కూడా లేదు.